పారిస్‌లో ఒక గ్రంథాలయం, మన ఊళ్ళో ఒక బీరువా

(పొరుగు రాష్ట్రాల తెలుగువారి సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో నాకు అప్పగించే పని ఎప్పుడూ ఒకటే. రాజ్యాంగంలోని అధికరణాలు చెప్పడం, ఆ ఏడాది వచ్చిన తీర్పులు చెప్పడం, కూర్చోవడం. ఈసారి ఒక నవల గురించి మాట్లాడతానని అన్నప్పుడు కార్యదర్శిగారు కొంత సందేహించారు. "వకీలుగారూ, మనవాళ్ళు దూరాభారం నుంచి వస్తారు, పనికివచ్చే మాట చెప్పండి" అన్నారు. పనికివచ్చే మాటే చెప్పబోతున్నాను. చివరకు తిరిగి అధికరణాల దగ్గరకే చేరుకుంటాను కనుక ఆయన నిశ్చింతగా ఉండవచ్చు.

ఆ నవల పేరు 'ది పారిస్ లైబ్రరీ'. రచయిత్రి జానెట్ స్కెస్లిన్ చార్ల్స్. అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన ఆమె 2010లో పారిస్‌లోని అమెరికన్ గ్రంథాలయంలో ఉద్యోగం చేశారు. యుద్ధకాలంలో ఆ గ్రంథాలయం ఎలా నడిచిందో తోటి ఉద్యోగులు చెప్పగా విన్నారు. ఆ విన్నదే నవలకు మూలం. 2021లో అమెరికాలో వెలువడింది. మా అమ్మాయి చదివి బల్లమీద పెట్టగా నా చేతికి వచ్చింది. ఆమె ఇంగ్లీషు నవలను రెండు రోజుల్లో చదివేస్తుంది, తెలుగు పుటను మాత్రం కూడబలుక్కుని చదువుతుంది. ఆ నేరంలో ఆమె వాటా చిన్నది, నా వాటా పెద్దది. అది వేరే సంగతి.

యానాం మిత్రులకు ఒక మాట. 1940 జూన్ 14న జర్మన్ సేనలు పారిస్ నగరంలో ప్రవేశించిన నాడు యానాం మీద ఎగురుతున్నది ఫ్రెంచి జెండాయే. గోదావరి ఒడ్డున పుట్టిన తెలుగువారు కొందరు ఆనాడు ఫ్రెంచి పాలనలోనే ఉన్నారు. పుదుచ్చేరిలోని పాలకులు ఆ సంవత్సరమే డిగాల్ పక్షాన నిలిచారు కాబట్టి యానాం శత్రువుకు లొంగిన ఫ్రాన్సులో భాగం కాలేదు. ఆ మేరకు ఈ కథ మనకు మరీ పరాయిది కాదు.

ఇక నవల. పారిస్‌లోని అమెరికన్ గ్రంథాలయం 1920లో ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం అమెరికా నుంచి పంపిన పుస్తకాలు యుద్ధం ముగిశాక అక్కడ మిగిలిపోయాయి. వాటినే పునాదిగా వేసుకుని పరాయి దేశపు రాజధానిలో ఒక ఇంగ్లీషు గ్రంథాలయం నిలబడింది. 1939లో ఒడీల్ సూషే అనే ఫ్రెంచి యువతి అందులో ఉద్యోగానికి చేరడంతో కథ మొదలవుతుంది. తండ్రి పోలీసు అధికారి. కవల సోదరుడు రెమీ సైన్యంలో చేరి జర్మన్ల చేత చిక్కుతాడు. ఒడీల్ కల్పిత పాత్ర. కాని ఆమె చుట్టూ ఉన్నవారిలో కొందరు నిజంగా ఉన్నవారే. సంచాలకురాలు డొరొతీ రీడర్, గ్రంథాలయ ధర్మకర్తల్లో ఒకరైన క్లారా ద షాంబ్రూన్ అనే దొరసాని, రష్యా నుంచి వలస వచ్చిన గ్రంథపాలకుడు బోరిస్ నెచాయెఫ్, ఈ ముగ్గురూ చరిత్రలో ఉన్నారు.

జర్మన్లు వచ్చిన తరువాత గ్రంథాలయాల మీద పర్యవేక్షణకు ఒక అధికారిని నియమించారు. పేరు హెర్మన్ ఫుక్స్. ఆయన గూండా కాడు, సైనికుడు అంతకన్నా కాడు. బెర్లిన్‌లో గ్రంథాలయ శాఖలో పనిచేసిన విద్యావంతుడు. యుద్ధానికి ముందు అంతర్జాతీయ సభల్లో డొరొతీ రీడర్‌ను కలుసుకున్నవాడు. ఆయన నడిపిన శాఖ పేరును తెలుగులో చెప్పుకుంటే 'గ్రంథాలయ రక్షణ'. రక్షణ అనే మాటను ఎవరు ఎప్పుడు వాడుతున్నారో చూసుకోవాలని మా వృత్తిలో మొదట నేర్పుతారు. ఆయన వచ్చి గ్రంథాలయం మూసివేయనక్కరలేదని అభయమిచ్చారు. దానితోపాటు రెండు నిబంధనలు. కొందరు మనుషులు లోపలికి రాకూడదు. కొన్ని పుస్తకాలు బయటికి పోకూడదు.

ఆ కొందరు మనుషులు ఎవరో మీకు తెలుసు. యూదులు. నిన్నటిదాకా అదే బల్ల దగ్గర కూర్చుని పత్రిక తిరగేసిన ప్రొఫెసరు, నెలనెలా చందా కట్టిన ముసలాయన, ఇవాళ్టి నుంచి గుమ్మం తొక్కరాదు.

మిత్రులారా, నేను ఈ నవలను ఇక్కడికి మోసుకురావడానికి కారణం తరువాత జరిగిన పని. పాఠకులు రాకూడదన్నారు. పుస్తకం వెళ్ళకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. గ్రంథాలయ ఉద్యోగులు పుస్తకాలను సంచుల్లో పెట్టుకుని ఆ పాఠకుల ఇళ్ళకు నడిచి వెళ్ళి ఇచ్చారు. చదివిన పుస్తకం వెనక్కి తెచ్చారు, కొత్తది ఇచ్చారు. ఇది కల్పన కాదు. ఆ గ్రంథాలయం చరిత్రలో నమోదైన విషయం. నవలలో ఒడీల్ ప్రొఫెసర్ కోహెన్ అనే యూదు విదుషి ఇంటికి పుస్తకాలు తీసుకుపోయే ఘట్టాలున్నాయి. తుపాకి చప్పుడు లేదు, వీరాలాపం లేదు. మెట్లెక్కడం, తలుపు తట్టడం, సంచి విప్పడం. చదువుతున్నంతసేపూ దారిలో ఆపి ఎవరైనా సంచి చూస్తారేమోనన్న భయం మన గుండెల్లో ఉంటుంది. బోరిస్ అయితే గెస్టపో చేతిలో తుపాకి దెబ్బ తిని బతికి బయటపడ్డారు.

పుస్తకాన్ని పాఠకుని గుమ్మానికి చేర్చడం తెలుగువారికి తెలియని విద్య కాదు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. వర్తకం పడవలు పోయే దారిలోనే పుస్తకాల పడవ కూడా పోయింది. మనవాళ్ళు ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవడంతోనే సరిపెట్టుకుంటారు కూడా.

నవలలో నన్ను కలవరపెట్టిన భాగం ఇంకొకటి ఉంది. ఆక్రమణ రోజుల్లో పారిస్ పోలీసులకు పేరు లేని ఉత్తరాలు వచ్చేవి. మనం ఆకాశరామన్న ఉత్తరాలు అంటాం, వారు కాకి పేరుతో పిలుస్తారు. పక్కింటివాడు యూదుడనీ, ఎదురింటామె రేడియో వింటున్నదనీ, ఫలానా దుకాణదారు సరకు దాస్తున్నాడనీ. జర్మన్లకు ఫ్రెంచివాళ్ళ ఇళ్ళ లోపలి సంగతులు తెలియవు. తెలిపినవారు ఫ్రెంచివాళ్ళే. ఒడీల్ తన తండ్రి కార్యాలయంలో అటువంటి ఉత్తరాల కట్ట చూస్తుంది. తమ పాఠకుల పేర్లు అందులో ఉంటాయి. అక్కడితో రచయిత్రి ఆగలేదు. ఒడీల్‌ను పూర్తిగా మంచిమనిషిగా వదిలిపెట్టలేదు. అసూయలో, కోపంలో ఆమె తన స్నేహితురాలి రహస్యం ఒకటి నోరుజారి చెబుతుంది. దాని ఫలితం ఆ స్నేహితురాలు ఒంటిమీద అనుభవిస్తుంది. పుస్తకాలను కాపాడిన చేయి, మనిషిని కాపాడలేకపోయింది. ఆ దోషాన్ని మోసుకుంటూ ఒడీల్ అమెరికా చేరి, మోంటానాలోని ఒక చిన్న ఊళ్ళో ఎవరికీ తెలియని ముసలావిడగా మిగులుతుంది. 1980లలో పక్కింటి పిల్ల ఆమెతో స్నేహం చేయడం నవలలో రెండో కథ. నా మట్టుకు ఆ భాగం కొంచెం సాగదీసినట్టనిపించింది. పారిస్ భాగం చదువుతూ మోంటానా అధ్యాయం రాగానే పుటలు లెక్కపెట్టుకున్నాను.

ఇక వకీలుగా నా ప్రశ్న. ఆ గ్రంథాలయం యుద్ధకాలమంతా ఎలా తెరిచి ఉండగలిగింది? ఉద్యోగుల ధైర్యమే కారణమా?

ధైర్యం ఉంది, కాదనను. అయితే 1941 డిసెంబరు దాకా అమెరికా యుద్ధంలోకి దిగలేదు. తటస్థ దేశపు సంస్థ జోలికి పోవడం జర్మన్లకు ఇష్టం లేదు. డొరొతీ రీడర్‌ను ఆమె క్షేమం కోసం స్వదేశానికి పంపించాక, నిర్వహణ షాంబ్రూన్ దొరసాని చేపట్టారు. ఆమె కొడుకు పెళ్ళాడింది ఎవరినో తెలుసునా? జర్మన్లతో చేయి కలిపిన విషీ ప్రభుత్వంలో ప్రధానిగా వెలిగిన పియెర్ లవాల్ కుమార్తెను. వియ్యంకుడు ప్రభుత్వంలో ఉన్నాడు, గ్రంథాలయం తలుపులు తెరిచి ఉన్నాయి. పుస్తకాలు కూడా చాలామటుకు చెక్కుచెదరలేదు. యుద్ధం ముగిశాక 1945లో లవాల్‌కు దేశద్రోహ నేరం కింద మరణశిక్ష అమలైంది. ఆ గ్రంథాలయం తన చరిత్ర చెప్పుకునేటప్పుడు ఈ వియ్యం సంగతి దాచలేదు. అందుకు నాకు ఆ సంస్థ మీద గౌరవం పెరిగింది.

అదే నగరంలో వియ్యంకులు లేని గ్రంథాలయాలు ఏమయ్యాయో చూడండి. రష్యా నుంచి వలస వచ్చినవారు 1875లో పారిస్‌లో ఒక గ్రంథాలయం స్థాపించుకున్నారు. నవలాకారుడు తుర్గేనెవ్ అండగా నిలిచినందున ఆయన పేరు పెట్టుకున్నారు. పరాయి గడ్డమీద స్వభాషలో చదువుకోవడానికి ప్రవాసులు చందాలు వేసుకుని కూడబెట్టిన పుస్తకాలు, దాదాపు లక్ష. 1940 శరత్కాలంలో రోజెన్‌బర్గ్ పేరుమీద నడిచిన జర్మన్ ప్రత్యేక దళం వచ్చి పెట్టెల్లోకెత్తి తీసుకుపోయింది. అలమరలు మిగిలాయి. యుద్ధం తరువాత ఆ పుస్తకాలు తూర్పు ఐరోపాలో చెట్టుకొకటి పుట్టకొకటిగా తేలాయి. 1838 నుంచి ఉన్న పోలిష్ గ్రంథాలయానికీ అదే గతి పట్టింది. యూదుల విద్యాసంస్థ గ్రంథాలయానికీ అదే గతి.

గమనించండి. ఇంగ్లీషు పుస్తకాలు దక్కాయి. వెనుక ఏ బలమైన రాజ్యమూ లేని రష్యన్ ప్రవాసుల పుస్తకాలు, దేశమే పోగొట్టుకున్న పోలిష్‌వారి పుస్తకాలు, యూదుల పుస్తకాలు పోయాయి. అన్నీ ఒక్క నగరంలోనే, ఒక్క అధికారం కిందనే.

అప్పటికి చట్టం లేదా అంటే ఉంది. 1907 నాటి హేగ్ ఒప్పందంలో 56వ నియమం స్పష్టంగా చెబుతుంది. విద్యకు, కళలకు, శాస్త్రాలకు అంకితమైన సంస్థల ఆస్తి ప్రభుత్వానిదైనా సరే వ్యక్తుల సొంత ఆస్తితో సమానంగా చూడాలి, దానిని స్వాధీనం చేసుకోవడం, ధ్వంసం చేయడం నిషిద్ధం, చేసినవారిపై విచారణ జరగాలి. జర్మనీ ఆ ఒప్పందానికి కట్టుబడిన దేశమే. నియమం ముప్పైమూడేళ్ళుగా కాగితం మీద ఉంది. తుర్గేనెవ్ గ్రంథాలయం గుమ్మం ముందు లారీలు ఆగినప్పుడు ఆ కాగితం తనంతట తాను లేచి అడ్డం నిలబడలేదు. న్యూరంబర్గ్ విచారణలో రోజెన్‌బర్గ్‌కు శిక్ష పడింది. ఆయన మీద మోపిన నేరాలలో ఈ దోపిడీ కూడా ఉంది. 1946లో ఉరితీశారు. 1954లో సాంస్కృతిక సంపద రక్షణకు మళ్ళీ ఒక హేగ్ ఒప్పందం వచ్చింది, భారతదేశం 1958లో దానిని ఆమోదించింది. అవన్నీ మంచివే. పోయిన పుస్తకాలు మాత్రం పోయాయి.

పారిస్‌ను వదిలి ఇంకొక్క ఊరికి మిమ్మల్ని తీసుకుపోతాను. లిథువేనియాలోని విల్నా, ఇప్పటి విల్నియస్. ఇడ్డిష్ అని ఒక భాష ఉంది. తూర్పు ఐరోపాలో యూదులు ఇంట మాట్లాడుకునే భాష. దానికంటూ ఒక రాజ్యం ఎన్నడూ లేదు. ఎక్కడ ఉన్నా పొరుగువారి భాష రాజ్యమేలే చోటే ఉంది. మనలాంటివారు ఆ చరిత్ర చదవవలసిన అవసరం ఉంది. 1941లో జర్మన్లు విల్నాను ఆక్రమించి యూదులను ఒక పేటలో బంధించారు. నగరంలోని యూదుల పుస్తకాలన్నీ ఒక చోట చేర్పించి, వాటిని ఏరే పని యూదు పండితులకే అప్పగించారు. కొంత భాగం జర్మనీకి, మిగిలినది కాగితపు మిల్లుకు. ఆ పండితులు సాయంత్రం పేటకు తిరిగి వెళ్ళేటప్పుడు చొక్కాల కింద, కోట్ల లోపల పుస్తకాలు, చేతిరాత ప్రతులు దాచుకుని తీసుకువెళ్ళారు. పట్టుబడితే ప్రాణం దక్కదు. వారిలో అవ్రోమ్ సుత్స్కేవర్, ష్మెర్కె కాచెర్గిన్‌స్కి అనే కవులు ఉన్నారు.

ఆ పేటలోనే హెర్మన్ క్రుక్ అనే ఆయన ఒక గ్రంథాలయం నడిపారు. తిండికి లేదు, రేపు ఎవరిని లారీ ఎక్కిస్తారో తెలియదు. ఆ స్థితిలో పుస్తకాలు తీసుకునేవారు తీసుకుంటూనే ఉన్నారు. ఏ పుస్తకం ఎవరు తీసుకున్నారో ఆయన పట్టీ రాస్తూనే ఉన్నారు. 1942 డిసెంబరులో ఆ పట్టీ లక్షకు చేరింది. లక్షవ పుస్తకం ఇచ్చిన సందర్భాన్ని సభ పెట్టి జరుపుకున్నారు. 1944లో ఎస్తోనియాలోని ఒక శిబిరంలో క్రుక్‌ను చంపేశారు.

ఈ లక్ష అన్న అంకె చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకో చెప్పాలంటే నా సొంత సంగతి చెప్పక తప్పదు.

దానికి ముందు ఒక హెచ్చరిక. మన స్థితిని పారిస్‌తోనో విల్నాతోనో పోల్చడానికి నేను రాలేదు. అలా పోల్చేవారిని నేను కోర్టులో కూడా ఒప్పుకోను. మనం తమిళుల మధ్య, కన్నడిగుల మధ్య, ఒడియా, మరాఠీ సోదరుల మధ్య తరతరాలుగా ఇచ్చిపుచ్చుకుంటూ బతుకుతున్నవాళ్ళం. మన పిల్లల పెళ్ళిళ్ళకు వారు వస్తారు, వారి పండుగలకు మనం పోతాం. 2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టంతో మనకు పేచీ ఉంది, కోర్టుల్లో వాదిస్తున్నాం, వాదిస్తాం. అది పొరుగువారి మధ్య పేచీ. మనల్ని ఎవరూ గుమ్మం బయట నిలబెట్టలేదు. నేను చెప్పబోయే కథలో బాధ ఉన్నదీ అక్కడే.

మాది ఒక సరిహద్దు పట్టణం. అక్కడి సర్కారు గ్రంథాలయంలో మా చిన్నతనాన రెండు బీరువాల తెలుగు పుస్తకాలుండేవి. ఎనిమిదో తరగతిలో ఉండగా సాయంత్రాలు అక్కడే గడిచేవి. అద్దం పగిలిన బీరువాలో నవలలు, అద్దం బాగున్న బీరువాలో పెద్దవాళ్ళ పుస్తకాలు. పగిలిన అద్దం సందులోంచి చేయి పెట్టి పుస్తకం లాగడం మాకు బాగా అలవాటు. తరువాత కాలేజీకి పోయాను, వకీలునయ్యాను, ఉద్యమంలోకి వచ్చాను. భాషాహక్కుల మీద ఎన్ని సభల్లో మాట్లాడానో లెక్క లేదు.

సుమారు పదేళ్ళ కిందట ఒక పెద్దాయన వచ్చి, బీరువాలు రెండూ వెనుక సామాన్ల గదిలోకి పోయాయనీ, పుస్తకాలను పురికొసతో కట్టలు కట్టారనీ చెప్పారు. రద్దు చేయవలసిన పుస్తకాల పట్టీ తయారవుతున్నదట. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ రాత్రే కూర్చుని నాలుగు పుటల నోటీసు రాశాను. 29వ అధికరణం, 350వ అధికరణం, గ్రంథాలయ చట్టం, అన్నీ వరుసగా పేర్చాను. తెల్లవారి పట్టుకెళ్ళాను.

గ్రంథపాలకురాలు మర్యాదస్థురాలు. తెలుగు మాట్లాడుతుంది, మా వైపు అందరూ మాట్లాడతారు. చదవడం రాదు. నా నోటీసు చివరిదాకా ఇంగ్లీషులో చదివింది. తరువాత లేచి ఒక పుస్తకం తెచ్చి నా ముందు తెరిచింది. పుస్తకాలు తీసుకున్నవారి పట్టీ అది.

"నోటీసు ఇయ్యండి సార్, పైకి పంపిస్తాను. ఈ పుస్తకాలు ఎవరు చదువుతారని పైవాళ్ళు అడిగితే నేనేమని రాసేది?"

రెండేళ్ళలో తెలుగు పుస్తకాలు మూడు బయటికి పోయాయి. మూడూ ఒకే మనిషి తీసుకున్నారు. ఆయన విశ్రాంత ఉపాధ్యాయుడు, అప్పటికి చనిపోయి ఏడాదయింది. మూడో పుస్తకం తిరిగి రాలేదు.

"మీ కార్డు నంబరెంత సార్?" అని ఆమె అడిగింది. వెటకారం కాదు, ఫారం నింపడానికి అడిగింది. నాకు కార్డు లేదు. కాలేజీకి పోయిన ఏడాది చెల్లిపోయిన కార్డును నేను మళ్ళీ చేయించుకోలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పట్టీలో నా పేరు లేదు. మా ఉద్యమ సంఘం వారిలో ఒక్కరి పేరూ లేదు.

నోటీసు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

తరువాతి ఆదివారం మా ఇంటి వసారాలో ముప్పైమందిమి కూర్చున్నాం. ఒకరికొకరం చాలాసేపు ముఖాలు చూసుకోలేదు. దరఖాస్తులు తెచ్చాం, ధరావతు కట్టాం, కార్డులు చేయించుకున్నాం. వారం వారం వంతులవారీగా పోయి పుస్తకాలు తెచ్చాం. చదవలేని వృద్ధులకు ఇంట్లోవాళ్ళు చదివి వినిపించారు. గుమ్మం దాకా రాలేనివారికి మా కుర్రవాళ్ళు సైకిలు మీద పట్టుకెళ్ళి ఇచ్చారు. ఆరు నెలలు తిరిగేసరికి పట్టీలో తెలుగు వరసలు పుటలు నిండాయి. అప్పుడు ఆమే పైకి రాసింది. మా నోటీసు కన్నా ఆమె ఉత్తరం బలంగా పనిచేసింది. ఒక బీరువా తిరిగి హాల్లోకి వచ్చింది.

రెండో బీరువా రాలేదు. మేము మేలుకునే లోపలే ఆ కట్టలు తూకానికి పోయాయి. ఏమేమి పోయాయో తెలుసుకుందామని చేర్పు పట్టిక తీయించి చూశాను. ఎన్నో నవలలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటికి విచారం లేదు. మా పట్టణంలో ఒకప్పుడు ఆడిన నాటకాల పుస్తకాలు, మా చెరువు కట్టమీది గుడి స్థలపురాణం, మా ఊరి బడిపంతులు ఒకరు సొంత ఖర్చుతో అచ్చువేయించుకున్న శతకం. వాటికి రెండో ప్రతి ఎక్కడుందో నేటికీ నాకు దొరకలేదు. కిలో ఎంతకు పోయాయో కూడా లెక్కలో ఉంది. ఆ అంకె ఇక్కడ చెప్పను.

ఆ పుస్తకాలను ఏ జర్మన్ దళమూ ఎత్తుకుపోలేదు. విల్నాలో చావు నీడన ఉన్నవారు లక్ష పుస్తకాలు తీసుకున్నారు. మేము నిండు స్వాతంత్ర్యంలో రెండేళ్ళలో మూడు తీసుకున్నాం.

ఇక మాట ఇచ్చినట్టు అధికరణాల దగ్గరకు వస్తాను. 29వ అధికరణం మొదటి ఖండం ప్రకారం, తమకంటూ ఒక భాష గాని, లిపి గాని, సంస్కృతి గాని ఉన్న పౌరులకు దానిని నిలుపుకునే హక్కు ఉంది. నిలుపుకోవలసినవారు ఆ పౌరులే, ఈ మాట ఒత్తి చెబుతున్నాను. ప్రభుత్వం అడ్డు రాకూడదనేది దాని సారం. మనం కదలకపోతే ప్రభుత్వం వచ్చి మన చేత చదివించాలని అందులో లేదు. 30వ అధికరణం సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు ఇస్తుంది. 1956లో ఏడవ సవరణతో వచ్చిన 350ఏ ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతుంది. 350బీ మన గోడు వినడానికి ఒక ప్రత్యేకాధికారిని ఏర్పాటు చేస్తుంది. 350వ అధికరణం కింద రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇవ్వవచ్చు. ఇంగ్లీషు రాదని ఎవరూ ఆగనవసరం లేదు, తెలుగులోనే రాయండి. రాసినదానికి నకలు ఉంచుకోండి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటకు మా కోర్టుల్లో విలువ తక్కువ.

తమిళనాడువారు, కర్ణాటకవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మీరు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు. తమిళనాడులో ఇది 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టం నుంచి, కర్ణాటకలో 1965 నాటి చట్టం నుంచి వస్తున్నది. రసీదు తీసి చూడండి, ఆ వరుస కనిపిస్తుంది. తెలుగు పుస్తకాలు కొనమని అడిగేటప్పుడు మనం దానం అడగడం లేదు. ఒడిశా, మహారాష్ట్ర మిత్రులకు ఈ పన్ను లేదు కనుక వారి విన్నపం వేరుగా రాయాలి. దాని ముసాయిదా భోజనాల తరువాత కలిసి కూర్చుని రాద్దాం.

ఒక సందేహం నాకు తెలుసు. కిందటేడు కూడా ఒకరు అడిగారు. "మా ఊరి గ్రంథాలయంలో తెలుగు పుస్తకమే లేదు, దేని కోసం చేరాలి?" అని. చేరండి. చేరి, కావలసిన పుస్తకాల పేర్లు సూచనల పుస్తకంలో రాయండి. ప్రతి నెలా రాయండి. తీసుకున్నవారి పట్టీ ఎలా సాక్ష్యమో, అడిగి దొరకనివారి పట్టీ కూడా అలాగే సాక్ష్యం. ఒక కేసులో నాకు అదే అక్కరకు వచ్చింది.

ఇంకొక పని. మీ మీ ఊళ్ళలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, కరపత్రాలు, పెళ్ళి పద్యాలు, భజన పుస్తకాలు, నాటకాల ప్రకటనలు ఇళ్ళలో అటకల మీద ఉంటాయి. ఇల్లు కూల్చి కట్టేటప్పుడు అవి చెత్తలోకి పోతాయి. వాటి పేరు, ఏడు, అచ్చుకూటం, ఎవరి ఇంట ఉన్నదీ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. వీలైతే ఫోనుతో ప్రతి పుటా ఫోటో తీయండి. పుస్తకం ఎవరినీ ఇమ్మని అడగకండి, ఇవ్వరు. ఫోటో తీసుకుంటామంటే కాఫీ ఇచ్చి మరీ చూపిస్తారు. నేను పోగొట్టుకున్న శతకం మీలో ఎవరి అటక మీదనైనా ఉండవచ్చు. బడిపంతులు పేరు సభ ముగిశాక చెబుతాను.

నవల కావలసినవారు ఉంటే నా ప్రతి ఇక్కడే ఉంది, ఇంగ్లీషుది. ముగ్గురు ముందే అడిగారు, వరుసగా ఇస్తాను, పేరు రాసి తీసుకోవాలి. వెనుక బల్లమీద అయిదు రాష్ట్రాల గ్రంథాలయ సభ్యత్వ దరఖాస్తులు నకళ్ళు తీయించి పెట్టాను. యానాంవారివి తక్కువ పడ్డాయి, కార్యదర్శిగారు పక్క వీధిలో జిరాక్సు తీయిస్తున్నారు.